ముదిమిలో మెదడు, మైక్రోగ్లియా, ఆడ మగ తేడా: అలెన్ బ్రెయిన్ సెల్ అట్లాస్‌పై ఒక సమీక్ష

అమెరికాలోని సియాటిల్ నగరంలో ఉన్న అలెన్ ఇన్‌స్టిట్యూట్ మెదడు కణాల సమాచారాన్ని అలెన్ బ్రెయిన్ సెల్ అట్లాస్ అనే పేరుతో అందరికీ ఉచితంగా అందిస్తోంది. మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ అలెన్, ఆయన సోదరి జోడీ అలెన్ కలిసి 2003లో నెలకొల్పిన సంస్థ ఇది. అట్లాస్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, దానికి రుసుము లేదు. ఇందులో ఉన్న సమాచారమంతటినీ ఒకే సమీక్షలో తూచడం ఎవరికీ సాధ్యమయ్యే పని కాదు కనుక, నేను ఒకే ఒక్క ప్రశ్నతో దీన్ని పరీక్షించాను. వయసు మీరుతున్న మెదడులో రోగనిరోధక పని చేసే మైక్రోగ్లియా కణాలు ఆడ జీవుల్లో ఒక తీరుగా, మగ జీవుల్లో మరో తీరుగా మారుతున్నాయా అని తెలుసుకోదలచిన ఒక పరిశోధక విద్యార్థికి ఈ సేవ ఎంతవరకు తోడ్పడుతుంది అన్నదే ఆ ప్రశ్న.

ఈ ప్రశ్నకు అంత ప్రాధాన్యం ఎందుకో ముందుగా చెప్పాలి. మైక్రోగ్లియాకు ఆ పేరు పెట్టి, అవి వేరే జాతి కణాలని 1919లో స్పష్టం చేసినవాడు స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో ఒర్తేగా. నాడీకణాలు పుట్టే పిండభాగంలో ఇవి పుట్టవు. పిండం తొలి దశలోనే సొనసంచి నుంచి వలస వచ్చి మెదడులో స్థిరపడి, అక్కడే తమ సంఖ్యను నిలబెట్టుకుంటాయి. చనిపోయిన కణాలను తొలగించడం, అక్కరలేని నాడీసంధులను కత్తిరించడం, గాయమైన చోట వాపును మొదలుపెట్టడం, ఆ తరువాత దాన్ని అణచడం వీటి పనులు. ఈ పనుల్లో ఆడ మగ తేడా పిల్ల దశ నుంచే ఉంటుందని ఎలుకల్లో చేసిన ప్రయోగాలు చూపించాయి. పుట్టిన నాలుగో రోజున మగ ఎలుకపిల్లల్లో, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో మైక్రోగ్లియా ఎక్కువగా ఉండగా, యుక్తవయసు వచ్చేసరికి ఆ లెక్క తిరగబడి ఆడ ఎలుకల వైపు మొగ్గింది. మిలాన్ విశ్వవిద్యాలయ బృందం 2018లో మరో అడుగు ముందుకు వేసి, ఆడ చిట్టెలుకల మైక్రోగ్లియాను మగ చిట్టెలుకల మెదడులోకి మార్పిడి చేసింది. ఆ కణాలు కొత్త చోట కూడా తమ స్వభావాన్ని వదులుకోలేదు, పైగా రక్తప్రసరణ ఆగడం వల్ల కలిగే నష్టం నుంచి ఆ మెదడును కొంత కాపాడాయి.

వయసు పెరిగాక ఈ కథ మలుపు తిరుగుతుంది. పడుచు వయసులో రక్షణ ఇచ్చిన ఆడ మైక్రోగ్లియా ముదిమిలో వాపు వైపు ముందుగా మొగ్గుతున్నట్టు పలు పరిశోధనలు సూచిస్తున్నాయి. చిట్టెలుకల హిప్పోకాంపస్‌పై 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో కాంప్లిమెంట్ వ్యవస్థకు, అంటే ఒక రోగనిరోధక ప్రొటీన్ల సమూహానికి చెందిన జన్యువుల పెరుగుదల ఆడవాటిలో అధికంగా కనిపించింది. అల్జీమర్స్ లక్షణాలు వచ్చేలా జన్యుమార్పిడి చేసిన చిట్టెలుకలపై బెల్జియం పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆడవాటి మైక్రోగ్లియా మగవాటి కంటే ముందుగా ఉత్తేజిత స్థితికి చేరుకుంది. అమెరికాలో అల్జీమర్స్‌తో జీవిస్తున్నవారిలో దాదాపు మూడింట రెండు వంతులమంది స్త్రీలే అన్న వాస్తవాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. స్త్రీలు ఎక్కువకాలం బతకడం దీనికి ఒక కారణమే గాని, అదొక్కటే కారణమా అన్నదానిపై చర్చ ముగియలేదు. మన దేశంలోనూ 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి మతిమరుపు వ్యాధి ఉందని, ఆ రేటు పురుషుల కంటే స్త్రీలలో ఎక్కువని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అంచనా తెలిపింది. చదువుకునే అవకాశం దక్కని ఆ తరం స్త్రీల పరిస్థితిని పక్కనబెట్టి ఆ తేడానంతా జీవశాస్త్రానికే అంటగట్టడం తొందరపాటు అవుతుంది.

ఇక సేవ విషయానికి వద్దాం. అట్లాస్‌కు మూలాధారం 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన చిట్టెలుక పూర్తి మెదడు వర్గీకరణ. అందులో సుమారు 40 లక్షల కణాలను 34 తరగతులుగా, 338 ఉపతరగతులుగా, చివరికి 5,322 సమూహాలుగా విడదీశారు. మన ప్రశ్నకు కావలసిన కణాలు చిట్టచివరి తరగతిలో, అంటే 34వ సంఖ్యగల రోగనిరోధక తరగతిలో ఉంటాయి. మైక్రోగ్లియా, మెదడు పొరల అంచుల్లో ఉంటూ చెత్తను మింగే మాక్రోఫేజ్‌లు, మోనోసైట్లు, డెండ్రైటిక్ కణాలు, లింఫోసైట్లు అందులో వేరువేరు ఉపతరగతులు. ఈ విభజన చిన్న విషయంగా తోచవచ్చు గాని, నా దృష్టిలో ఈ అట్లాస్ చేసిన పెద్ద మేలు ఇదే. పాత పరిశోధనల్లో అనేకం ఒకటి రెండు గుర్తింపు ప్రొటీన్ల ఆధారంగా మైక్రోగ్లియాను, అంచుల్లోని మాక్రోఫేజ్‌లను ఒకే గాటన కట్టేశాయి. ముసలి మెదడులోకి బయటినుంచి రోగనిరోధక కణాలు చొరబడే అవకాశం ఉన్నప్పుడు, మారినది మైక్రోగ్లియానా, లేక లెక్కలోకి కొత్తగా చేరిన అతిథి కణాలా అన్నది తేల్చకుండా ఆడ మగ పోలికకు దిగితే వచ్చే ఫలితానికి అర్థం ఉండదు.

ముదిమికి సంబంధించిన సమాచారం వేరే విభాగంగా ఉంది. కెల్లీ జిన్, బోసిల్కా టాసిక్, హాంగ్‌కుయ్ జెంగ్ తదితరులు 2025 జనవరిలో నేచర్‌లో ప్రచురించిన అధ్యయనం దీనికి ఆధారం. రెండు నెలల వయసున్న పడుచు చిట్టెలుకలు, 18 నెలల వయసున్న ముసలి చిట్టెలుకలు, రెండింటిలోనూ ఆడవి, మగవి తీసుకుని, మెదడు ముందు, మధ్య, వెనుక భాగాలకు చెందిన ప్రాంతాల నుంచి సుమారు 12 లక్షల కణాల జన్యు వ్యక్తీకరణను, అంటే ఏ జన్యువు ఎంతగా పనిచేస్తోందో, నమోదు చేశారు. వాటిని 847 సమూహాలుగా వర్గీకరించగా, వయసుతో సంఖ్య పెరిగినవో తగ్గినవో కనీసం 14 సమూహాలు తేలాయి, వాటిలో అధికభాగం నాడీకణాలు కాక, వాటికి తోడ్పడే గ్లియా జాతి కణాలే. వయసుతో వ్యక్తీకరణ మారిన జన్యువులు 2,449 ఉన్నట్టు జాబితా ఇచ్చారు. రోగనిరోధక కణాల్లో యాంటీజెన్ ప్రదర్శన (పరాయి పదార్థపు ముక్కలను ఇతర రక్షక కణాలకు చూపడం), వాపు, కణ చలనం వంటి పనులకు సంబంధించిన జన్యువులు పెరిగాయి. మార్పు అన్నిటికంటే తీవ్రంగా కనిపించిన కణాల్లో కొన్ని హైపోథాలమస్‌లో, మూడో జఠరిక అనే ద్రవం నిండిన కుహరం చుట్టూ, ఆకలిని, శక్తి వినియోగాన్ని నియంత్రించే ప్రాంతాల్లో గుమిగూడి ఉండడం ఈ అధ్యయనంలోకెల్లా ఆసక్తికరమైన సంగతి. హిప్పోకాంపస్‌ను తప్ప మరొకదాన్ని తలవని ముదిమి పరిశోధనకు ఇది అవసరమైన చురక అని నేను భావిస్తాను.

తెర మీద పని సులువుగానే సాగుతుంది. వేలాది జన్యువుల లెక్కను రెండు అక్షాల మీదికి కుదించిన చుక్కల చిత్రంలో ఒక్కో చుక్క ఒక్కో కణం. చుక్కలకు కణజాతిని బట్టి రంగు వేసుకోవచ్చు, వయసును బట్టి వేసుకోవచ్చు, దాత చిట్టెలుక ఆడదా మగదా అన్నదాన్ని బట్టి వేసుకోవచ్చు, లేదా ఏదైనా జన్యువు పేరు టైపు చేసి దాని వ్యక్తీకరణను చూడవచ్చు. కొత్తగా తెరిచినవారు మొదట చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. నిద్రాణమైన ఎక్స్ క్రోమోజోమ్ నుంచి వెలువడే జిస్ట్ జన్యువును వెతికితే అది ఆడ దాతల కణాల్లో మాత్రమే వెలగాలి, వై క్రోమోజోమ్ మీది డీడీఎక్స్3వై మగ దాతల కణాల్లో మాత్రమే వెలగాలి. ఆ తరువాత పీ2ఆర్‌వై12, టీఎంఈఎం119 అనే జన్యువులతో ప్రశాంత స్థితిలోని మైక్రోగ్లియాను, ఎపోఈ, సీఎస్‌టీ7, ఐటీజీఏఎక్స్ వంటి వాటితో ఉత్తేజిత స్థితిని పోల్చుకుంటూ వెళితే, పుస్తకంలో ఒక వాక్యంగా చదివిన విషయం కళ్ల ముందు రూపు కడుతుంది. పాఠం చెప్పడానికి ఇంతకంటే మెరుగైన సాధనం నాకు తెలియదు. ఫోన్ తెర మీద మాత్రం దీన్ని చూడడం వృథా ప్రయాస, పెద్ద తెర, తగినంత మెమరీ ఉన్న కంప్యూటరు కావాలి.

అయితే సరిగ్గా ఈ సులువులోనే ప్రమాదం పొంచి ఉంది. ఆడ మగ అన్న రెండు రంగుల చుక్కలను చూడగానే, ఒక మూల ఒక రంగు ఎక్కువగా ఉందనిపించగానే, చూసేవారి మనసు తేడా ఉందని తీర్మానించేసుకుంటుంది. అట్లాస్ తెర గణాంక పరీక్ష కోసం ఉద్దేశించినది కాదు, అది చూడడానికి ఉద్దేశించినది. అంతకంటే లోతైన చిక్కు ఏమిటంటే, ఆడ మగ పోలికలో లెక్కించవలసినవి కణాలు కావు, చిట్టెలుకలు. ఒకే చిట్టెలుక నుంచి తీసిన వెయ్యి మైక్రోగ్లియా కణాలు ఒకే జన్యువారసత్వాన్ని, ఒకే పంజరాన్ని, ఒకే ఆహారాన్ని, ప్రయోగశాలలో ఒకే రోజు జరిగిన పనిని పంచుకున్నవి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలన్నది మన పెద్దల మాట, కానీ ఒకే కుండలోంచి వెయ్యి మెతుకులు పట్టి చూసి వెయ్యి కుండలు పరీక్షించామని చెప్పుకుంటే ఎవరూ ఒప్పుకోరు. ఈ పొరపాటు వల్ల, కణాలను ఒక్కొక్కటిగా కొలిచే ఏకకణ పరిశోధనల్లో లేని తేడాలు వందల సంఖ్యలో ఉన్నట్టు తేలే ప్రమాదం ఉందని 2021లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన ఒక విశ్లేషణ గట్టిగా హెచ్చరించింది. కనుక ఆడ మగ తేడా గురించి ఒక్క వాక్యమైనా రాయదలచినవారు మూల సమాచారాన్ని దించుకుని, ఒక్కో చిట్టెలుకకు చెందిన కణాల లెక్కలను కూడి, ఆ మొత్తాల మధ్య పోలిక చేయాలి. వయసు, లింగం అనే రెండు అంశాలను విడివిడిగా చూస్తే సరిపోదు. వయసు ప్రభావమే ఆడవాటిలో ఎక్కువా తక్కువా అన్నది మన ప్రశ్న కాబట్టి, ఆ రెండింటి పరస్పర ప్రభావాన్ని పరీక్షించాలి. ఆడవాటిలో తేడా గణాంకపరంగా నిలిచింది, మగవాటిలో నిలవలేదు, కాబట్టి లింగభేదం ఉంది అనే వాదన ప్రచురిత వ్యాసాల్లో సైతం తరచుగా కనిపిస్తుంది, అది చెల్లదు.

రెండో పరిమితి వయసులకు సంబంధించినది. ఈ విభాగంలో రెండు నెలలు, 18 నెలలు అనే రెండు మజిలీలే ఉన్నాయి. చిట్టెలుకలకు మనుషుల మాదిరి రుతువిరతి రాదు. అయితే సుమారు తొమ్మిది నెలల నుంచి ఏడాది వయసు నడుమ వాటి సంతానోత్పత్తి చక్రం (ఎస్ట్రస్ చక్రం) గతి తప్పి, క్రమంగా ఆగిపోతుంది. ఆడవాటి మైక్రోగ్లియాలో మలుపు ఎప్పుడు వస్తుంది, ఈస్ట్రోజెన్ తగ్గడానికి ముందా, వెంటనేనా, చాలా తరువాతనా అన్నదే ఈ రంగంలోని కీలక ప్రశ్న. ఆ మలుపు జరిగే కాలమంతా ఈ రెండు మజిలీల మధ్య కనబడకుండా పోయింది. పైగా 18 నెలల చిట్టెలుకను మనిషి లెక్కలో యాభైల మధ్య వయసుతో పోలుస్తారు. ముదిమి అనే మాటకు మనకు తోచే అర్థానికి అది చాలా ముందే ఆగిపోతుంది. ఇది నిర్వాహకుల అశ్రద్ధ కాదు. మెదడులోని అన్ని జాతుల కణాలనూ విస్తారంగా పట్టుకోవడం వారు ఎంచుకున్న మార్గం, ఆ వెడల్పు కోసం కాలంలోని లోతును వదులుకున్నారు. నా ప్రశ్నకు మాత్రం ఆ లోతే ఎక్కువ అవసరం.

మూడోది మరింత సాంకేతికమైన విషయమైనా దాటవేయరానిది. కణాలను విడదీయడానికి అలెన్ ఇన్‌స్టిట్యూట్ పద్ధతిలో పపైన్ అనే ఎంజైమ్ వాడతారు. మాంసం మెత్తబడడానికి మన వంటిళ్లలో పచ్చి బొప్పాయి వేస్తామే, దానిలో పనిచేసేది ఈ పపైనే. మైక్రోగ్లియా కణాలు చాలా సున్నితమైనవి. వెచ్చని ద్రావణంలో ఎంజైమ్‌తో విడదీసేటప్పుడు అవి దాన్ని గాయంగా భావించి ఒత్తిడి జన్యువులను వెలిగించుకోగలవని, బతికున్న మెదడులో లేని ఉత్తేజాన్ని మనం ప్రయోగశాలలో సృష్టించి కొలిచే ప్రమాదం ఉందని 2022లో నేచర్ న్యూరోసైన్స్‌లో వచ్చిన అధ్యయనం చూపించింది. ఈ కల్తీ ఆడ మగ నమూనాల్లో సమానంగా ఉంటే పోలిక చెడదు. కానీ ముసలి ఆడ మైక్రోగ్లియా ముందే వాపు అంచున ఉన్న పక్షంలో, అదే ఒత్తిడికి అవి ఎక్కువగా స్పందించవచ్చు, అప్పుడు కల్తీయే లింగభేదంగా కనిపిస్తుంది. అందువల్ల ఎఫ్‌ఓఎస్, జేయూఎన్ వంటి తక్షణ స్పందన జన్యువులు తేడాల జాబితాలో పైన కనిపిస్తే, ఆ జాబితాను అనుమానించడం మంచిది.

ఆడ, మగ అనే ముద్రలోనే మరో ముడి ఉంది. అట్లాస్ ఇచ్చేది దాత లింగం, అంతే. ఆ ఒక్క మాటలో క్రోమోజోముల ప్రభావం, హార్మోన్ల ప్రభావం రెండూ కలిసిపోయి ఉంటాయి. వీటిని విడదీయడానికి శాస్త్రవేత్తలు లింగనిర్ణయ జన్యువును వై క్రోమోజోమ్ నుంచి తప్పించి, ఎక్స్‌ఎక్స్ ఉన్నా వృషణాలు గలవి, ఎక్స్‌వై ఉన్నా అండాశయాలు గలవి సహా నాలుగు రకాల చిట్టెలుకలను వాడతారు. ఈ పద్ధతితోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు 2020లో, రెండో ఎక్స్ క్రోమోజోమ్ ఉండడం అల్జీమర్స్ నమూనా చిట్టెలుకలకు కొంత తట్టుకునే శక్తినిస్తుందని, అందులో కేడీఎం6ఏ జన్యువుకు పాత్ర ఉందని చెప్పారు. విస్తృతంగా వాడే ఈ చిట్టెలుకల్లో ఒక వంశానికి చెందిన వై క్రోమోజోమ్ మీదికి ఎక్స్ నుంచి ఒక ముక్క వచ్చి చేరిందని, అందులో టీఎల్ఆర్7 జన్యువు ఉందని 2024లో తేలింది. టీఎల్ఆర్7 రోగనిరోధక స్పందనకు ముఖ్యమైనది, మైక్రోగ్లియాలోనూ పనిచేసేది. అంటే క్రోమోజోముల ప్రభావాన్ని శుభ్రంగా వేరు చేస్తుందని నమ్మిన పరికరమే, సరిగ్గా ఈ అంశంలో కొంత మసకబారింది. ఇలాంటి పరిస్థితిలో లింగ క్రోమోజోముల్లో మార్పిడులేవీ చేయని చిట్టెలుకల సమాచారం అట్లాస్‌లో పెద్ద ఎత్తున ఉండడం ఊరట. కేడీఎం6ఏ, టీఎల్ఆర్7 వంటి ఎక్స్ క్రోమోజోమ్ జన్యువులు ఏ కణజాతిలో, ఏ వయసులో, ఎంత మోతాదులో వ్యక్తమవుతున్నాయో చూసుకోవడానికి ఇది మంచి చోటు, వాటి వెనుక కారణం వెతకడానికి మాత్రం కాదు.

మనిషి మెదడు వైపు చూస్తే, అలెన్ ఇన్‌స్టిట్యూటే వాషింగ్టన్ విశ్వవిద్యాలయం తదితరులతో కలిసి 84 మంది వృద్ధ దాతల మెదళ్లతో రూపొందించిన అల్జీమర్స్ అట్లాస్ కూడా అందుబాటులో ఉంది. దాతల్లో స్త్రీలే ఎక్కువ. ఇక్కడ పూర్తి కణాలను కాక, నిల్వ చేసిన కణజాలం నుంచి కేంద్రకాలను తీసుకుంటారు. మనిషి మైక్రోగ్లియా ఉత్తేజానికి గుర్తులైన జన్యువుల్లో కొన్ని కేంద్రకంలో తక్కువగా దొరుకుతాయని 2020లోనే గుర్తించారు. చిట్టెలుకల్లో 2017లో స్పష్టంగా కనిపించిన వ్యాధి సంబంధిత మైక్రోగ్లియా స్థితి మనుషుల నమూనాల్లో అంత స్పష్టంగా కనిపించకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. కాబట్టి చిట్టెలుక విభాగంలో కనిపించిన ఆడ మగ తేడా మనిషి విభాగంలో కనిపించకపోతే దాన్ని కొట్టిపారేయనూ కూడదు, కనిపించినంతనే సంబరపడనూ కూడదు.

ఈ అట్లాస్‌కు ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. బోస్టన్‌లో బెత్ స్టీవెన్స్ బృందం 2019లో ఇమ్యూనిటీ పత్రికలో ప్రచురించిన సమాచారానికి ప్రత్యేకంగా శోధించే పేజీ ఉంది. అందులో 76 వేలకు పైగా మైక్రోగ్లియా కణాలు, పిండదశ నుంచి 540వ రోజు వరకు పలు వయసులు ఉన్నాయి, కణాలను చల్లని స్థితిలో, ఎంజైమ్ లేకుండా విడదీశారు. కణాల సంఖ్యలో, మెదడు ప్రాంతాల వైవిధ్యంలో అట్లాస్‌తో అది తూగదు గాని, మైక్రోగ్లియాకే పరిమితమైన ప్రశ్నకు నేను మొదట తెరిచేది దాన్నే. అక్కడ కనిపించిన సంగతిని పెద్ద సమూహంలో సరిచూసుకోవడానికి అట్లాస్‌కు వస్తాను.

ధర, లభ్యత విషయంలో అట్లాస్‌ను తప్పుపట్టడానికి ఏమీ లేదు. మూల సమాచారమంతా అమెజాన్ క్లౌడ్‌లో బహిరంగంగా ఉంది, దించుకోవడానికి అక్కడ ఖాతా కూడా అక్కరలేదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన సహాయక కోడ్ లైబ్రరీ, వాడే తీరు చూపే నోట్‌బుక్కులు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో దొరుకుతాయి. ఏకకణ ప్రయోగం ఒక్కటి చేయడానికే లక్షల రూపాయలు కావలసిన చోట, మన జిల్లా కేంద్రంలోని ఒక విశ్వవిద్యాలయ విద్యార్థికి సియాటిల్ విద్యార్థికి ఉన్న సమాచారమే చేతికందడం చిన్న విషయం కాదు. పైథాన్ కొద్దిగానైనా రానివారు దీని నుంచి బోధనకు మించిన ప్రయోజనం పొందలేరని ముందే తెలుసుకోవాలి. పూర్తి ఫైళ్ల పరిమాణం చాలా పెద్దది, కాబట్టి మొదట కణాల వివరాల పట్టికను మాత్రమే దించుకుని, అందులోంచి రోగనిరోధక తరగతిని వడగట్టి, ఒక్కో వయసులో ఒక్కో లింగానికి ఎన్ని చిట్టెలుకలున్నాయో, ఒక్కో చిట్టెలుకకు ఎన్ని మైక్రోగ్లియా కణాలు మిగిలాయో, అవి మెదడులోని ఏ ప్రాంతాలవో లెక్క చూసుకోవాలి. ఆ లెక్క నిలబడితేనే వ్యక్తీకరణ ఫైళ్ల జోలికి వెళ్లడం మేలు.